శబ్దభేది

ఇరువది యేండ్లు సాగిన యుద్ధము మరునాటి అర్ధరాత్రితో ముగియనున్నదనగా, 2021 ఆగస్టు 29వ తేదీ ఆదివారము సాయంకాలమున, కాబూలు విమానాశ్రయమునకు అనతిదూరముననున్న ఒక పేటలో, ఒక గృహస్థుడు తన తెల్లని టయోటా కొరొల్లా కారును ఇంటి లోగిలిలోనికి పోనిచ్చుచుండగా, ఆ యింటి పిల్లలు ఎప్పటివలెనే దాని కెదురు పరుగెత్తిరి. కారును లోపల నిలుపునపుడు అందులో ఎక్కి కూర్చుండుట వారికి వాడుక. ఆ సమయముననే ఆకాశమునుండి ఒక క్షిపణి వచ్చి ఆ లోగిలిలో పడెను. పదిమంది మరణించిరి, వారిలో ఏడుగురు పిల్లలు.

ఆ గృహస్థుడు అమెరికాకు చెందిన ఒక సహాయసంస్థలో చిరకాలము పనిచేసిన ఉద్యోగి. తిండి చాలక కృశించువారికి పోషకాహార మందించుట ఆ సంస్థ పని. ఆనాడు ఆయన చేసిన దేమన, తోడి ఉద్యోగులను కారులో ఎక్కించుకొని వచ్చుట, కార్యాలయపు పనులపై ఊరిలో తిరుగుట, ఇంటివైపు నీటికి కటకట యైనందున కార్యాలయమున ప్లాస్టిక్ డబ్బాలలో నీరు పట్టి కారులో పెట్టుకొనుట. అంతకుమించి ఏమియు లేదు. కాని మూడు దినములకు మున్ను, ఆగస్టు 26న, అదే విమానాశ్రయ ద్వారమునొద్ద ఒక ఆత్మాహుతి ఘాతకుడు 13 మంది అమెరికను సైనికులను, సుమారు 170 మంది ఆఫ్గను ప్రజలను పొట్టన పెట్టుకొనియుండెను. మరియొక దాడి రానున్నదనియు, దానికి తెల్లని కొరొల్లా కారును వాడుదురనియు అమెరికను సేనకు వేగు వచ్చెను. కాబూలు వీధులలో తెల్లని కొరొల్లాలకు లెక్కలేదు. వానిలో నొకదానిని పైలటు లేని విమానముల కన్నులు ఎనిమిది గంటలు వెంబడించెను. బరువైన డబ్బాలను మనుష్యులు ఎత్తి కారులో సర్దుట ఆ కన్నులకు కనబడెను. అవి నీళ్ళడబ్బాలు కావు, పేలుడు సామగ్రి యని ఆ కన్నుల వెనుకనున్న బుద్ధి నిశ్చయించెను.

ఈ వృత్తాంతము చదివిన తెలుగువానికి సరయూనది గుర్తు రాకుండుట దుర్ఘటము. వానకాలపు రాత్రి, ఇంకను పట్టాభిషిక్తుడు కాక యువరాజుగనే యుండి, కంటితో చూడకయే చెవితో విని గురి తప్పక కొట్టగల మేటి యని లోకము పొగడగా ఉబ్బిపోయిన దశరథుడు, చీకటిలో కడవ మునిగిన గుడగుడధ్వనిని ఏనుగు నీరు త్రాగు చప్పుడుగా ఎంచి బాణము విడిచిన కథను హరికథలలోనో, తోలుబొమ్మలాటలలోనో, అమ్మమ్మ నోటనో విననివారు మనలో అరుదు. శ్రవణకుమారుడని మనము పిలుచుకొను ఆ మునిబాలకునకు వాల్మీకి పేరు కూడ పెట్టలేదు. పేరులేని బాలుడు, నీళ్ళకడవ, తన విద్యపై తనకు గల నమ్మకము చేత సందేహమును చంపుకొన్న విలుకాడు: కాబూలులో జరిగినదానికి కావలసిన సామగ్రి యంతయు అయోధ్యాకాండలో నున్నది.

అయితే ఈ కథలో మనము సాధారణముగా తొందరపడి దాటిపోవు భాగమొకటి కలదు. పుత్రశోకముతో మరణింతువను శాపము మనకు జ్ఞాపకముండును గాని, బాణము తగిలిన క్షణమునకును శాపము పలికిన క్షణమునకును నడుమ జరిగినది జ్ఞాపకముండదు. కవి నిలిచినది అక్కడ. మనుష్యుని ఆర్తనాదము విన్నంతనే చేతినుండి విల్లు జారగా, దశరథుడు ఆ చీకటిలో నదిగట్టునకు పోయెను. జటలు చెదరి, ఒడలంత దుమ్మును నెత్తురును అంటి పడియున్న బాలుని చూచెను. ఆ బాలుడు తన ప్రాణమునకై కాక, దప్పిగొని యెదురుచూచు అంధులైన తల్లిదండ్రులకై దుఃఖించి, వారియొద్దకు పోయి నీవే చెప్పుమని, పోవుటకు ముందు ఈ బాణమును పెరుకుమని కోరెను. పెరికిన చచ్చును, పెరుకకున్న వేదన పడును, రాజకుమారుడు తటపటాయించెను. తుదకు పెరికిన పిమ్మట ఆ కడవ నింపుకొని, ఒంటరిగా, ఆశ్రమమునకు నడచెను. అడుగుల చప్పుడు విని ఆ వృద్ధులు, కొడుకే వచ్చెననుకొని, ఇంత ఆలస్యమేమి నాయనా, నీళ్ళు తెమ్మనిరి. తాను వారి కుమారుడు కాననియు, దశరథుడను క్షత్రియుడననియు, తానేమి చేసెనో అదియు, దశరథుడు తన నోటితో తానే చెప్పెను. ఆ పిమ్మట వారిని చేయిపట్టి మృతదేహముకడకు నడిపించుకొని పోయెను. చూపులేని ఆ ముసలివారు చేతులతో తడవి కొడుకును చూచుకొనిరి.

ఇందులో రెండు మాటలు నన్ను విడువక వెంబడించుచున్నవి. మొదటిది చావనున్న బాలుడు పలికినది: తాను ద్విజుడు కాడు గనుక బ్రహ్మహత్య చేసితినన్న భయము రాజునకు అక్కరలేదని. ఆనాటి శాస్త్రమును బట్టి ఇది చిన్న విడుదల కాదు. చట్టము నీపై లేదని, చచ్చుచున్నవాడే చంపినవానికి అభయమిచ్చుచున్నాడు. ఆ యభయమును పుచ్చుకొని దశరథుడు రథమెక్కి అయోధ్యకు పోవచ్చును, పోలేదు. రెండవది తండ్రి పలికినది: ఈ పనిని నీ యంతట నీవే వచ్చి చెప్పకుండిన యెడల నీ తల నూరువేల వ్రక్కలై యుండునని, తెలియక చేసితివి గనుకనే ఇంకను బ్రదికియున్నావని. తెలియక చేయుటవలన ప్రాణము నిలిచినది. ఋణము మాత్రము తీరలేదు. పాపము బుద్ధిపూర్వకమా, కాదా యని భేదము నెరిగిన మన ధర్మశాస్త్రములు కూడ, రెండవదానికి ప్రాయశ్చిత్తమును తగ్గించినవే గాని మాన్పలేదు.

ఇప్పుడు కాబూలునకు మరలుదము. దాడి జరిగిన మూడవనాడు అమెరికా సంయుక్త దళాధిపతుల అధ్యక్షుడు జనరల్ మార్క్ మిల్లీ దానిని ధర్మబద్ధమైన దాడిగా వర్ణించెను. కారు పేలిన పిమ్మట మరియొక పెద్ద పేలుడు కలిగెను గనుక అందులో మందుగుండు ఉండెననుట నిశ్చయమనిరి. న్యూయార్క్ టైమ్స్ పత్రికవారు ఆ యింటికి పోయి, లోగిలి గోడలు చూచి, కార్యాలయపు కెమేరాల దృశ్యములు తిరుగవేసి, ఆ డబ్బాలలో పట్టినది నీరని తేల్చువరకు ఆ మాట చెల్లెను. సెప్టెంబరు 17న అమెరికను సేనాని జనరల్ కెన్నెత్ మెకంజీ పొరపాటు జరిగెనని ఒప్పుకొని క్షమాపణ చెప్పెను. నవంబరులో వాయుసేన ఇన్‌స్పెక్టర్ జనరల్ విచారణ ముగించి, యుద్ధశాసనముల ఉల్లంఘన ఏదియు లేదనెను. క్షిపణి విడుచుటకు రెండు నిమిషములు మున్ను వీడియోలో ఒక బాలుని జాడ కనబడుచున్నదనియు, కాని వెదకి చూచినగాని తెలియదనియు ఆయనయే చెప్పెను. డిసెంబరులో ఎవరికిని శిక్ష లేదని ప్రకటించిరి.

ఆ వీడియో 2022 జనవరిలో, పత్రిక న్యాయస్థానమున వ్యాజ్యము వేసిన తరువాత, బయటికి వచ్చినది. మసకబారిన బొమ్మలు, శబ్దము లేదు. లోగిలి, కారు, చుక్కలవంటి మనుష్యులు, ఒక మెరుపు, పొగ. ఆ పైని చుట్టుప్రక్కల మేడలపైనుండి ఇరుగుపొరుగువారు ఆ మంటలపై నీళ్ళు గుమ్మరించుచుండుట కనబడును. ఎనిమిది గంటలు వేయి కన్నులతో కనిపెట్టియుండిన యంత్రాంగము పేలుడు సామగ్రి యనుకొన్నది నీరు. అది రగిల్చిన మంటను ఆర్పుటకు పరుగెత్తివచ్చినదియు నీరే. ఆ దృశ్యమును నేను రెండవసారి చూడలేకపోయితిని.

మరునాడే సేనలు ఆ దేశమును విడిచిపోయెను గనుక ఆ యింటికి పోయి చూచుటకు వీలెక్కడిదని అడుగువారు కలరు. కాబూలు విషయమున అది నిజమే. కాని అజ్మత్ ఖాన్, ఆనంద్ గోపాల్ అను పాత్రికేయులిద్దరు, అమెరికా మిత్రసేనల అధీనములోనికి వచ్చిన ఉత్తర ఇరాకు ప్రాంతములలో, బాంబులు పడిన స్థలములను సుమారు 150 వరకు తిరిగి, శిథిలములు చూచి, బ్రదికినవారితో మాటలాడి, 2017లో తాము కనుగొన్నది ప్రకటించిరి: ప్రతి యైదు దాడులలో ఒకదానియందు సామాన్య పౌరులు మరణించిరనియు, ఇది అమెరికా నాయకత్వమునందలి సంకీర్ణ సేనలు ఒప్పుకొన్న ప్రమాణమునకు 31 రెట్లు అధికమనియు. ఆ పల్లెలకు ఇద్దరు పాత్రికేయులు కారులో పోగలిగిరి. లోకములోకెల్ల బలిష్ఠమైన సేన పోలేకపోయినదనుటకంటె, పోవలెనని దానికి తోచలేదనుట సత్యమునకు దగ్గర. చంపుటకు ముందు చూచుటకు దానికి ఎన్ని కన్నులైనను కలవు. చంపిన పిమ్మట చూచుటకు ఒక జత కాళ్ళు లేకపోయెను. నాకు తోచినంతవరకు ఈ దాడుల వలని ధర్మహాని ముఖ్యముగా ఇక్కడనే యున్నది. పొరపాటునందు కంటె పొరపాటు తరువాతి గమనమునందు.

శాసనమును నేను తక్కువ చేయుట లేదు. 1977 నాటి జెనీవా అదనపు ఒడంబడిక, ఆశించిన సైనిక ప్రయోజనముతో పోల్చగా మితిమీరినట్టి పౌరనష్టము కలుగునని ఊహింపదగిన దాడిని నిషేధించుచున్నది. దానిని ధ్రువీకరించి కట్టువడని రాజ్యములు కూడ ఈ సూత్రమును కాదనవు. కాని త్రాసు పట్టినవాడు ఎవడు? దాడి చేయువాడే. ఒక తట్టలో తన యాశ, రెండవ తట్టలో పరుల పిల్లలు. 2003లో ఇరాకు యుద్ధము మొదలైనపుడు, 30 మంది గాని అంతకు మించి గాని పౌరులు చత్తురని అంచనా తేలిన దాడులకు మాత్రమే రక్షణమంత్రి అనుమతి అవసరమను నియమ ముండెను. అనగా 29 మందికి మంత్రివర్యుని నిద్ర చెడగొట్టనక్కరలేదు. ఈ యంకెను నిర్ణయించిన సభలో ఎవరెవరు కూర్చుండిరో, 25 అననివారును 35 అననివారును ఏ తర్కము చేత 30 అనిరో, ఆ సంభాషణ యెట్లు సాగెనో ఊహింపబోయి నేను అనేక పర్యాయములు విఫలుడనైతిని. 2017 మార్చి 17న మోసుల్ పట్టణములోని అల్ జదీదా పేటలో, మేడపై నున్న ఇద్దరు తుపాకిగాండ్రను తొలగించుటకు అమెరికనులు 500 పౌనుల బాంబు వేసిరి. మేడ కూలి, లోపల తలదాచుకొన్న వారితో కలిపి 105 మంది పౌరులు మరణించిరని పెంటగన్ తానే లెక్కించినది. శత్రువులు అందు ముందే దాచియుంచిన మందుగుండు వలననే కూలినదని వాదించినది. కావచ్చును. మందుగుండు దాచినవాడు దుర్మార్గుడనుటలో సందేహము లేదు. ఐనను పాపము పిత్రార్జితము కాదు గదా, భాగస్థులు పెరిగిన కొలది ఒక్కొక్కని వాటా తరుగుటకు!

ఉగ్రవాది పౌరుల చాటున దాగును గనుక ఆ మరణములకు అతడే బాధ్యుడనువారికి నా సమాధానమిదియే. ఇంతకంటె బలమైన వాదము వేరొకటి కలదు. దానిని దాటవేయుట న్యాయము కాదు. ఊరకుండినచో వాడు చంపును. 2007 ఆగస్టు 25న హైదరాబాదులో లుంబినీ పార్కు నందును, గోకుల్ చాట్ నొద్దను, వినోదముకై పోయిన 42 మంది తునాతునకలైన సాయంకాలమును చూచిన జాతి, 2021 ఆగస్టు 26న కాబూలులో మూగిన జనసమూహముపై బాంబు పేల్చినవానిని ఆపగోరినవారి తహతహను నిందింపజాలదు. మరియు, 1945లో ఒక్క రాత్రిలో టోక్యో నగరమున లక్షమందిని దహించిన బాంబుల వానతో పోల్చినచో నేటి క్షిపణి సూక్ష్మమే, గురిగలదే. ఇవి యన్నియు అంగీకరింతును. నేను అంగీకరింపనిది ఆ సూక్ష్మతనుండి పుట్టు నిశ్చింత. ఆయుధము గురి తప్పలేదు. కాబూలులో అది పడవలసిన చోటనే పడినది. తప్పినది గురి కాదు, గుర్తింపు. శబ్దభేది విద్యలో లోపము లేదు. దశరథుని బాణము కూడ తగులవలసిన చోటనే తగిలినది.

గుర్తింపు తప్పుటకు ఒక కారణము, చచ్చినవారిని లెక్కించు పద్ధతియందే యుండెను. దాడి జరిగిన వలయములోని యుద్ధవయస్కులగు పురుషులనందరిని, నిరపరాధులని చచ్చిన పిమ్మట ఋజువు దొరకిననే తప్ప, ఉగ్రవాదులుగనే లెక్కింతురని 2012లో వార్త వెలువడి గగ్గోలు పుట్టెను. 2016 జులైలో ఒబామా ప్రభుత్వము, యుద్ధరంగములకు వెలుపల 2009 నుండి 2015 వరకు 473 దాడులు చేసితిమనియు, అందు మరణించిన పౌరులు 64 మొదలు 116 వరకు ఉందురనియు ప్రకటించినది. అదే కాలమునకు లండనులోని ఒక పాత్రికేయ పరిశోధక బృందము వేసిన లెక్క 380 మొదలు 801. ఈ రెంటి నడుమ సత్యమెక్కడనో యున్నదని సర్దిచెప్పుకొనుట సులభము. కాని ఇంతటి అంతరము కలిగినపుడు, ప్రభుత్వమునకు తెలిసినది ఎంత, తెలిసికొనగోరినది ఎంత యని అడుగవలసి యున్నది. ఆ పాటి లెక్కనైనను ఏటేట ప్రకటింపవలెనని ఒబామా చేసిన ఉత్తర్వును 2019 మార్చిలో ట్రంప్ రద్దుచేసెను. దానిని గూర్చి ఎక్కువ చెప్పనక్కర లేదు.

లెక్కకంటె హృదయమును కలచునది క్షమాపణల తారతమ్యము. 2015 జనవరిలో ఆఫ్గనిస్థాన్ పాకిస్థాన్ సరిహద్దున ఒక స్థావరముపై చేసిన దాడిలో, అల్ ఖైదా చెరలో మగ్గుచుండిన ఒక అమెరికను, ఒక ఇటాలియను అను సహాయసేవకులిద్దరు మరణించిరి. అందులో వారున్నట్లు కొట్టినవారికి తెలియదు. ఏప్రిలు 23న ఒబామా స్వయముగా శ్వేతసౌధమున నిలిచి, అధ్యక్షుడుగా బాధ్యత పూర్తిగా నాదేనని చెప్పి, ఆ కుటుంబములను క్షమాపణ వేడెను. తరువాత ఇటాలియను కుటుంబమునకు పదిలక్షల యూరోలకు పైగా ధనము ముట్టెను. ఒబామా ఆనాడు చేసినది ఉచితమైన పని, రాజోచితమైన పని. తన నోటితో తాను చెప్పెను. కాని అంతకు మున్ను అదే కొండలలో, అదే విధముగా, ఎరుగక చంపబడిన వజీరీ కుటుంబములెన్నియో కలవు. వారి కొరకు ఏ యధ్యక్షుడును పేరుపేరున అట్లు నిలువలేదు. 2011 మార్చి 17న ఉత్తర వజీరిస్థానములోని దత్తాఖేల్‌లో, ఒక క్రోమైటు గని వివాదమును తీర్చుకొనుటకు పెద్దలు పంచాయతీ చేసికొనుచుండగా క్షిపణులు పడి 40 మందికి పైగా మరణించిరి. గడ్డపు పెద్దలు గుంపుగా కూర్చుండిరనుటయే పైనుండి చూచువారికి కుట్రగా తోచియుండును. వారి యింటివారికి కడవ నింపుకొని వచ్చినవారెవరు?

ఆ కొండలు ఇట్టివి ఎరుగనివి కావు. 1911లో లిబియాపై ఇటలీ విమానము తొలి బాంబు విడిచినది మొదలు, ఆకాశయుద్ధము అలవాటు చేసికొన్నది పరాధీనులైన పేద జాతుల పైననే. 1925 వసంతమున బ్రిటిషు వైమానిక దళము, భూసేన తోడ్పాటు లేకయే, దక్షిణ వజీరిస్థానములోని మహసూదు గ్రామములను యాభై దినములకు మించి బాంబులతో కొట్టి లొంగదీసికొనెను. ఆ ప్రాంతమప్పుడు భారతదేశము; ఆ ఖర్చు మన పూర్వులు కట్టిన పన్ను. 1932, 33 సంవత్సరములలో జెనీవా నిరాయుధీకరణ సభలో, ఆకాశమునుండి బాంబులు వేయుటను నిషేధించు ప్రస్తావన వచ్చినపుడు, దూరప్రాంతములలో పోలీసు అవసరములకు మాత్రము మినహాయింపు కావలెనని బ్రిటన్ పట్టుపట్టినది. ఆ మినహాయింపు నేటి వరకు వేర్వేరు పేర్లతో జీవించుచునే యున్నది.

పరులను నిందించి మనము చేతులు కడుగుకొందమా? 1966 మార్చి 5న మన వాయుసేన విమానములు మన ఐజ్వాల్ పట్టణముపైననే నిప్పులు కురిపించినవి. మిజో తిరుగుబాటుదారులు ఆ పట్టణములోని సేనాస్థావరమును చుట్టుముట్టి యుండిరనుట సత్యము; ఇండ్లు, అంగడులు కాలినవనుటయు, ఊరివారు కొండలలోనికి పరుగెత్తిరనుటయు సత్యమే. విమానములు మనుష్యులను, సరుకులను దింపుటకు పోయినవని ఆనాటి ప్రభుత్వము చెప్పుకొనెను. అప్పటి తెలుగు పాఠకులలో ఎందరు ఆ వార్త చదివిరో, చదివినవారిలో ఎందరు సందేహించిరో చెప్పజాలను. నేటికిని విద్యావంతులైన మనవారిలో అనేకులకు ఇట్టిదొకటి జరిగెనని వినిపించినచో ఆశ్చర్యము. మిజోరాములో మాత్రము దానిని ఏటేట స్మరింతురు.

దశరథుని నాటికి రాజును, కన్నును, చేయియు ఒక్కనియందే యుండెను. ఈనాడు చేయి నెవాడా ఎడారిలోని క్రీచ్ వైమానిక స్థావరమున, కన్ను మరియొక రాష్ట్రమున, ధర్మసందేహములు తీర్చు న్యాయవాది వేరొక గదిలో, ఆజ్ఞ యిచ్చు సేనాని ఖండాంతరమున నుండును. ఇంత దూరమునుండి చంపువానికి ఏమియు తెలియదని చాలమంది తలంతురు. ఇది సగమే నిజము. బాంబు విడిచి మేఘములలో కలసిపోయిన ప్రాతకాలపు వైమానికునికంటె, గంటల తరబడి ఒక కుటుంబమును తెరపై చూచి, క్షిపణి విడిచి, ఆ పైని శవములు లెక్కించువరకు చూడవలసిన నేటి యువకునకే ఎక్కువ తెలియును. వారిలో కొందరు ఉద్యోగము విడిచి, నిద్రకు దూరమై, తాము చూచినది బహిరంగముగా చెప్పియున్నారు. నదిగట్టునకు పోయినవారు, ఆ యంత్రాంగమంతటిలో, ఒకవిధముగా వారే. మీది వారికి విచారణ నివేదికలు చేరును. క్రింది కుర్రవానికి ఆ చూపులు మిగులును. రాజ్యము తన పాపమును తన సేవకులలో చిన్నవాని నెత్తిన పెట్టుట ఈ యుద్ధరీతిలోని మరియొక అన్యాయము.

మంచిచెడ్డలకు కర్తలు నలుగురని మన పెద్దలందురు: చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, ఆమోదించినవాడు, నలుగురును సమభాగులే. మొదటి ముగ్గురిని గుర్తించుట విచారణ సంఘముల పని. నాలుగవవాడు మనము. ప్రజాప్రభుత్వములలో యుద్ధము పౌరుని పేర జరుగును; పౌరుని ఆమోదము సర్వదా సంతకము రూపమున నుండదు; అడుగకుండుట రూపమున నుండును. ఈ దాడులు క్రొత్త శత్రువులను పుట్టించును గనుక కూడవను వాదము కలదు. అది నిజము కావచ్చును గాని నాకు రుచింపదు. ఒక్క క్రొత్త శత్రువును పుట్టకున్నను ఆ లోగిలిలోని పిల్లల మరణము రవంతయు తేలిక కాదు. లెక్క మనకు కలుగు లాభనష్టములది కారాదు.

2022 ఆగస్టులో, కాబూలు ఉదంతము జరిగిన యేడాదికి, అమెరికా రక్షణశాఖ పౌరనష్టమును తగ్గించుటకును, నష్టము కలిగినపుడు విచారించి బదులు చెప్పుటకును ఒక సమగ్ర ప్రణాళికను ప్రకటించినది. అది పాత్రికేయులు, బాధితుల పక్షమున నిలిచిన సంస్థలు, అడుగుట మానని కొలదిమంది పౌరులు సాధించినది. ఒకరు చేసిన ప్రణాళికను మరియొకరు కొట్టివేయవచ్చునని 2019లోనే చూచితిమి గనుక, దానిపై అతిగా ఆశ పెట్టుకొనుట లేదు. అయినను అడిగినందువలననే అంతమాత్రమైనను జరిగినది. కావున పాఠకులకు నా మనవి ఒక్కటే. వైమానిక దాడిలో ఇందరు ఉగ్రవాదులు హతులైరను వార్త చదివినపుడు, ఆ విమానము పరుల దైనను, మన దైనను, ఆ స్థలమునకు పోయి చూచినదెవరు, లెక్కించినదెవరు, ఆ యింటివారితో మాటలాడినదెవరు అని అడుగుడు. బదులు రాకున్నచో మరునాడు మరల అడుగుడు.